పచ్చగా ఉన్న బోటు

మా ఆఫీసు ఫిలింనగర్‌లో గుట్ట ఎక్కే దారిలో ఉంటుంది. కింద టీ కొట్టు, పైన ఎడిటింగ్ గదులు, ఆ పై అంతస్తులో సౌండు వాళ్ళు. కొత్తగా చేరినవాళ్ళెవరైనా ముందు నా ఫోను చూసి నవ్వుతారు. అందరి ఫోన్లూ తెరవగానే పిల్లల ఫొటోలో దేవుడి ఫొటోలో కనబడితే, నా ఫోన్లో బోట్ల పేర్లు వరసగా కనబడతాయి. ఒక్కో పేరు పక్కన ఒక చుక్క, పచ్చదో పసుపుదో. "సముద్రం వాసన కూడా రాని చోట కూచుని బోట్లకి కాపలా కాస్తున్నావా తల్లీ?" అని ఎడిటర్లు ఆటపట్టిస్తుంటారు. నవ్వుకోండి బాబూ, మీ వెటకారం నాకు కొత్తా! మధురానగర్‌లో ఇంటికి తాళం వేసి ఆఫీసులో కూర్చునేలోపు ఆ చుక్కలు ఎన్నిసార్లు చూస్తానో నాకే తెలియదు. పొయ్యి మీద కూర మాడుతున్నా చూస్తూనే ఉంటాను. కంగారు మనిషినని మా వాళ్ళు నాకు బిరుదిచ్చారు. అవును, కంగారు మనిషినే, కాదని ఎవరన్నారు?

నా ఉద్యోగమూ అలాంటిదే. షూటింగులో కెమెరాలోంచి తీసిన కార్డులు మా గదికి వస్తాయి. అందులో ఉన్నదంతా రెండు చోట్లకి కాపీ చెయ్యాలి. ప్రతి ముక్కనీ మొదటినుంచి చివరిదాకా తిప్పి చూడాలి. ఏ కార్డు ఎప్పుడు వచ్చింది, ఎవరు తెచ్చారు, అంతా సరిగ్గా ఉందా లేదా అన్నది కంప్యూటర్లో ఎక్కించాలి. రెండు చోట్లా చేరి, నా కళ్ళతో చూసేదాకా "వచ్చింది" అన్న మాట నేను రాయను. ఒక్క కార్డు పోయిందంటే అంతమంది ఎండలో నిలబడి తీసిన రోజంతా గంగలో కలిసినట్టే. అందుకని నిద్రలో కూడా కార్డులు వెతుక్కుంటుంటాను.

మాది సముద్రపు ఒడ్డు ఊరు. మా వాళ్ళందరిదీ చేపల వేటే. మా చిన్న మావయ్య, ఆయన ఈడువాళ్ళు కొందరు కలిసి ఎప్పటినుంచో ఒక పని చేస్తున్నారు. వేటకి వెళ్ళిన బోటు తిరిగి రాకపోతే వీళ్ళే బోట్లు వేసుకుని వెతకడానికి పోతారు. జీతం లేదు, యూనిఫారం లేదు, ఎవరూ చెప్పనక్కర్లేదు. కాకపోతే ఎవరు ఎప్పుడు వెళ్ళారు, ఎటు వెళ్ళారు అన్నది అంతా నోటి మాటే. కొన్నేళ్ళ కింద ఒక బోటు రాలేదు. అది ఉత్తరానికి పోయిందని కొందరు, కాదు నేరుగా లోపలికి పోయిందని కొందరు ఒడ్డున నిలబడి వాదించుకుంటుంటే పొద్దు వాలిపోయింది. తర్వాత బోటు దొరికింది, మనుషులు దొరకలేదు.

ఆ తర్వాత మావయ్య నాకు ఫోన్ చేశాడు. "అమ్మాయ్, సినిమావోళ్ళ కార్డులకి లెక్కలు రాత్తావంట గదా. మా బోట్లకీ అలాంటిదేదో ఏర్పాటు చెయ్యి" అన్నాడు. సరేనని కూర్చున్నాను. నాకు తెలిసినదల్లా మా ఆఫీసు పద్ధతి ఒక్కటే. అదే అచ్చులో పోశాను. వెళ్ళింది, వచ్చింది, చూశాం. బోటు పేరు, ఎవరెవరున్నారు, ఏ వైపు, వైర్లెస్ ఉందా, ఎప్పుడొస్తారు. ఒడ్డునుంచి వాళ్ళు మాటల్లో మెసేజి పంపితే నేనిక్కడ ఎక్కిస్తాను. అది అందరి ఫోన్లలోనూ కనబడుతుంది. ఏం తెలివి నాది అని తెగ మురిసిపోయాను.

నా మొహం! మొదటివారంలోనే తెల్లబోయాను. అన్ని గళ్ళూ నిండుతున్నాయి, చివరిది మాత్రం ఖాళీ. ఎప్పుడొస్తారన్నది ఒక్కరూ చెప్పరు. ఆ ఊళ్ళో పుట్టి పెరిగి ఆ సంగతి నేనెలా మర్చిపోయానో. సముద్రం మీదికి పోయే మనిషిని ఎప్పుడొస్తావని మా వైపు ఎవరూ అడగరు. పొరపాటున ఎవరైనా అడిగితే వల భుజాన వేసుకున్నవాడు కూడా వెనక్కి తిరిగి ఇంట్లో కూర్చుంటాడు. మా నాన్న బతికున్నన్నాళ్ళూ మా అమ్మ ఆయన్ని ఒక్కసారి కూడా అడగలేదు. నేను నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను, ఇది మీ మంచికే, ఈ గడి లేకపోతే మిగతావన్నీ దండగ అని. "నువ్వు చెప్పింది నిజమేనే. కానీ అడిగేదెవరు?" అన్నాడు మావయ్య. అదీ నిజమే. అడిగే నోరు మా ఊళ్ళో లేదు.

అప్పుడు తట్టింది నాకు, ఐసు. ఒక్కపూటకి పోయేవాడు కొంచెం ఐసు వేసుకుంటాడు. నాలుగు రోజులు ఉండేవాడు బోటులోని ఐసు గది నిండా దిమ్మలు వేయిస్తాడు. పట్టిన చేప పాడవకూడదు కాబట్టి ఎంత ఐసు ఉంటే అంతవరకే సముద్రం మీద ఉంటారు. ఐసు ఎంత వేశారని అడిగితే ఎవరికీ అపశకునం కాదు. ఐసు దగ్గరుండే పెద్దాయన ఏ బోటుకి ఎన్ని దిమ్మలు వేశారో నాకు చెబుతాడు. దాన్నిబట్టి బోటు ఎప్పటికి రావాలో నా పట్టికే లెక్క కడుతుంది. అంతవరకూ చుక్క పచ్చ. గడువు దాటితే పసుపు. ఇంకా దాటితే ఎరుపు, అప్పుడు అందరి ఫోన్లూ ఒక్కసారి మోగుతాయి. పచ్చకి "నీళ్ళ మీద" అని పేరు పెట్టాం. ఒడ్డుకి చేరినవి ఆ వరసలోంచి కిందకి పోతాయి, వాటికి "ఒడ్డు మీద". ఎరుపుకి ఏదో ఒక మాట పెట్టబోతే మావయ్య ఒప్పుకోలేదు. ఆ మాట రాసిపెట్టుకుని ఎదురుగా ఉంచుకుంటామా, రంగు చాలదా అన్నాడు. సరేనని వదిలేశాను.

అలా చాలా కాలం నడిచింది. పసుపు అయినప్పుడల్లా నా ప్రాణం పోయేది, ఎవరో ఒకరు ఒడ్డుకి వచ్చి మెసేజి పెడితే తిరిగొచ్చేది. రెండు మూడుసార్లు ఎరుపు కూడా అయింది. ఇంజను పాడై ఆగిపోయినవాళ్ళని మావయ్య వాళ్ళు లాక్కొచ్చారు. పక్క ఊళ్ళవాళ్ళు కూడా మా పట్టికలో చేరారు. ఊళ్ళో నాకు కొంచెం పేరొచ్చింది, కాదనను.

ఇంతలో మా ఆఫీసుకి ఒక పాతకాలపు కథ సినిమా వచ్చింది. ఎప్పుడో తాతల నాటి కథ, అందులో హీరో తండ్రి చేపలవాడు. సముద్రం మీద కొన్ని దృశ్యాలు తియ్యాలి, మీవైపు బోటు దొరుకుతుందా అని ప్రొడక్షన్ మేనేజరు నన్నడిగారు. మా తమ్ముడికి బోటుంది. వాడి నంబరు ఇచ్చాను. వాడు ఎగిరి గంతేశాడు. "అక్కా, నన్ను కూడా తీత్తారా?" అని అడిగాడు. "నీ మొహానికి అద్దం చాలు" అన్నాను.

ఎప్పుడు తీస్తారో నాకు తెలియదు. పెద్ద సినిమాలకి ఆ వివరాలు యూనిట్ వాళ్ళకి తప్ప ఎవరికీ చెప్పరు, పొద్దున్న అనుకున్నది మధ్యాహ్నానికి మారిపోతుంది కూడా. ఒక పొద్దున్న ఐసు పెద్దాయన నుంచి మెసేజి వచ్చింది, మా తమ్ముడి బోటుకి గది నిండా దిమ్మలు వేశారని. ఓహో, షూటింగ్ వాయిదా పడింది, వీడు వేటకి పోతున్నాడనుకున్నాను. సినిమావాళ్ళ సంగతి నాకు కొత్తా! మిగతా గళ్ళు ఎప్పుడూ ఉండేవే నింపి ఎక్కించాను. పేరు పక్కన చుక్క పచ్చగా వెలిగింది, నాలుగు రోజులదాకా నిశ్చింత. నా పనిలో నేను పడ్డాను.

మర్నాడు పొద్దున్న మా బాస్ వచ్చి నా బల్ల దగ్గర నిలబడ్డారు. ఆయనది యూసుఫ్‌గూడ, పుట్టినప్పటినుంచీ ఇక్కడే. మా ఆఫీసుకి వచ్చే ప్రతి సినిమా పనీ ఆయన చేతిమీదుగానే నడుస్తుంది.

"సముద్రం కార్డులు వచ్చినయా?" అని అడిగారు.

"ఏ సముద్రం సార్?"

"ఏంది, నీకు తెల్వదా? నిన్న తీసిండ్రు గదా. ఒక్కపూటల అయిపోతది, పొద్దటికల్లా కారుల పంపిస్తమన్నరు. ఫోన్ చేస్తే మేనేజరేమో వస్తయ్ వస్తయ్ అంటుండు."

ఎవరి బోటులో తీశారు సార్ అని అడగాల్సిన పనే లేదు, అయినా అడిగాను. "మీ తమ్మునిదే గదా, నువ్వే ఇప్పించినవట" అన్నారాయన. నేను ఫోన్ తీసి చూశాను. మా తమ్ముడి బోటు పేరు పక్కన చుక్క పచ్చగా, నిమ్మకు నీరెత్తినట్టు ఉంది.

తమ్ముడికి ఫోన్ చేస్తే స్విచాఫ్. మేనేజరుకి చేశాను. మూడోసారికి ఎత్తారు.

"మా తమ్ముడి బోటు ఎక్కడుందండీ?"

"కంగారేం లేదండీ. డైరెక్టరు గారు సూర్యోదయం కూడా కావాలని ముందే అన్నారు. కెమెరా వాళ్ళు అక్కడే ఆగిపోయుంటారు. లేకపోతే పక్క రేవులో దిగుంటారు."

"ఉంటారా, ఉన్నారా? మీకెవరు చెప్పారు?"

"ఫోన్లు మా దగ్గరే ఉన్నాయి కదండీ."

అదొక పద్ధతి మా సినిమాల్లో. పెద్ద సినిమా అయితే సెట్‌లోకి వెళ్ళేముందు అందరి ఫోన్లూ తీసేసుకుని సంచిలో వేస్తారు. ఒక్క ఫొటో బయటికి పొక్కినా కొంప మునిగిపోతుందని వాళ్ళ భయం. కెమెరామన్‌వీ, అసిస్టెంట్లవీ, బోటు నడిపే మా తమ్ముడిదీ, అన్ని ఫోన్లూ ఒడ్డున మేనేజరు సంచిలో ఉన్నాయి.

"బోటులో వైర్లెస్ ఉండాలే?"

"అది ఫ్రేములో పడుతుందని తీయించేశాం. పాతకాలం కథ కదండీ. ఆర్టు వాళ్ళు బోటుకి రంగు కూడా మార్చేశారు."

"మరి అంత ఐసెందుకు వేశారు?"

"చేపలకండీ. బోటు నిండా చేపలు పోసి తియ్యాలి, వేట బాగా పడినట్టు. మార్కెట్లో కొని తెప్పించాం. ఎండకి పాడైపోతే వాసన భరించలేరని ఐసు ఎక్కువ వేయించాం."

అంత ఐసు ఉన్నదంటే వాడు నాలుగు రోజులు సముద్రం మీద ఉంటాడని నా పట్టిక లెక్క. నేను నమ్మి కట్టిన లెక్క. అది ఇంకో మూడు రోజులదాకా నోరెత్తదు. మా ఊళ్ళో ఎవరి ఫోనూ మోగదు. వాడు నిన్న సాయంత్రానికే ఒడ్డుకి రావాలి.

మా మరదలికి చేశాను. "ఏమే, వాడు ఎప్పుడొస్తానన్నాడు నీతో?"

"నేనెలా అడుగుతాను వదినా?" అంది భయంగా. "నువ్విప్పుడెందుకలా అడుగుతున్నావు? ఏమైంది?"

ఏం లేదని పెట్టేశాను. ఏం చెప్పను దానికి? మావయ్యకి చేశాను.

"పచ్చగానే ఉంది కదే" అన్నాడాయన, ఫోన్ చెవి దగ్గరనుంచి తీసి చూసి.

"అది తప్పు మావయ్యా. ఆ ఐసు వేటకి కాదు, షూటింగుకి. వాడు నిన్న పొద్దుగూకేసరికి రావలసినవాడు. నేను ఎరుపు చేసేస్తున్నాను."

"చెయ్యి" అన్నాడు.

చేశాను. అంతకుముందు ఎరుపు ఎప్పుడూ దానంతట అదే అయ్యేది. నా వేలితో నేను, నా తమ్ముడి పేరు పక్కన పెట్టింది అదే మొదటిసారి. మా ఊళ్ళో ఫోన్లన్నీ ఒక్కసారి మోగి ఉంటాయి. ఇక్కడ ఫిలింనగర్‌లో నా బల్ల మీద కూడా మోగింది. ఆఫీసులో అందరూ తలలు తిప్పి చూశారు.

కాసేపటికే మావయ్య మళ్ళీ చేశాడు. బోట్లు బయల్దేరుతున్నాయి, మెరైన్ పోలీసులకి కూడా చెప్పాం, వాళ్ళూ మన పట్టికే చూస్తున్నారు అన్నాడు. "నీలం బోటు కోసం చూడమని అందరికీ సెప్పేను" అన్నాడు.

"నీలం కాదు మావయ్యా! రంగు మార్చేశారంట."

"ఏ రంగేసేరు?"

నాకేం తెలుసు? కానీ మా సర్వర్లో ఉంది. ఆర్టు వాళ్ళు బోటుని తయారుచేశాక డైరెక్టరుకి చూపించడానికి ఫొటోలు తీసి పంపారు. తెరిచి చూస్తే నా తమ్ముడి బోటుని నేనే గుర్తుపట్టలేకపోయాను. నల్లటి గోధుమరంగు, పాత చెక్కలా కనబడేటట్టు గీతలు, పైన ముదురు రంగు తెరచాప, చుట్టూ జెండా గుడ్డలు. నీలం బోటు వెతికేవాళ్ళు దీని పక్కనుంచే పోయినా రెండోసారి చూడరు.

ఆ ఫొటో పంపాలి. మా ఆఫీసులో ఒక్క ఫొటో బయటికి పంపితే ఉద్యోగం ఊడటమే కాదు, మళ్ళీ ఈ గుట్ట మీద ఎవరూ గడప ఎక్కనివ్వరు. చేరినప్పుడు సంతకం పెట్టించుకున్నారు. బాస్ దగ్గరికి పరిగెత్తాను. ఆయన ఫోన్లో ఉన్నారు, ప్రొడ్యూసరు ఆఫీసు వాళ్ళతోనే అనుకుంటాను. "గట్ల కాదు సార్, జర వినుండ్రి" అంటున్నారు. నేను ఫొటో చూపించి, ఊరికి పంపాలి సార్ అన్నాను. ఆయన చేత్తో ఆగమన్నారు. ఆగడానికి నాకు ప్రాణం ఉందా! ఆయన ఎదురుగా నిలబడే పంపేశాను.

ఫోన్ పెట్టేశాక ఆయన నా వైపు చూశారు. "అడుగకుండనే పంపినవా?"

"అడిగాను సార్. మీరు ఫోన్లో ఉన్నారు."

"నేనేం చెప్పిన?"

"ఏం చెప్పలేదు."

ఆయన కాసేపు తల గోక్కున్నారు. "సరే. ఎవరన్న అడిగితే నేనే పంపమన్న అని చెప్పు. కూసో. జర నీళ్ళు తాగు, మొఖమంత ఎట్లనో అయింది" అన్నారు. ఆ మాటకి ఏడుపొచ్చేసింది.

ఇక ఆ తర్వాత నేను చెయ్యగలిగినదల్లా ఎక్కించడమే. ఇక్కడినుంచి సముద్రం ఎంత దూరమో! మావయ్య బోటు దక్షిణం వైపు పోయింది, రాశాను. ఇంకో బోటు నేరుగా లోపలికి, రాశాను. వెతికిన మేర గీతలు కొట్టి, ఎక్కడ చూశారో అక్కడ "లేదు" అని పెట్టాలి, ఇంకొకరు మళ్ళీ అక్కడికే పోకుండా. లేదు. లేదు. లేదు. ఆ మాట రాస్తుంటే చెయ్యి నరికేసుకోవాలనిపించింది. రాయకపోతే వెతికేవాళ్ళు దారి తప్పుతారు. రాశాను.

పై అంతస్తులో సౌండు వాళ్ళు వేరే సినిమాకి ఏదో చేస్తున్నారు. అలల చప్పుడు. పెట్టడం, ఆపడం, కొంచెం పెంచడం, మళ్ళీ పెట్టడం. మెట్లన్నీ ఎక్కిపోయి తలుపు తోసి, "ఆపండి, మీకు దణ్ణం పెడతాను, ఆపండి" అని అరిచాను. పాపం వాళ్ళకేం తెలుసు? బిత్తరపోయి ఆపేశారు. కిందకొచ్చాక ఎవరో చెప్పినట్టున్నారు, ఆ రోజంతా మళ్ళీ ఆ చప్పుడు వినబడలేదు.

ఇంతలో ఒక బోటు నుంచి మెసేజి. ముదురు రంగు గుడ్డ ఒకటి నీళ్ళ మీద తేలుతోంది, సినిమావాళ్ళ జెండాలాగే ఉంది అని. బోటు మాత్రం లేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. దాన్ని ఏ గడిలో రాయాలి? గుడ్డ దొరికితే ఏం రాయాలన్నది నేను ఆలోచించి పెట్టుకోలేదు. మరదలు ఫోన్ చేస్తూనే ఉంది. ఎత్తలేదు. అమ్మ చేసింది. ఎత్తలేదు. కాలుగాలిన పిల్లిలా గది ఈ మూలనుంచి ఆ మూలకి తిరుగుతుంటే బాస్ టీ తెప్పించి నా బల్ల మీద పెట్టి పోయారు. అది అలాగే చల్లారిపోయింది.

గుడ్డ దొరికిన చోటునుంచి నీళ్ళు ఎటు లాగుతున్నాయో చూసుకుని మావయ్య వాళ్ళు ఉత్తరానికి తిరిగారు. మధ్యాహ్నం దాటాక మావయ్య గొంతు వచ్చింది. గాలికి సగం మాటలు ఎగిరిపోతున్నాయి. "కనబడ్డాడు. నల్ల బోటే. చేతులూపుతున్నారు. అందరూ ఉన్నారు, అమ్మాయ్, అందరూ ఉన్నారు."

కుర్చీలో కూలబడ్డాను. ఆఫీసంతా నా చుట్టూ మూగింది, ఎవరో భుజం తట్టారు. కానీ చుక్క ఎరుపే ఉంచాను. మావయ్య "మార్చెయ్యవే" అన్నా మార్చలేదు. ఒడ్డున దిగాలి, మా వాళ్ళు కళ్ళతో చూడాలి. అప్పటిదాకా నేను రాయను. వాళ్ళ బోటుని తాడు కట్టి లాక్కొచ్చేసరికి ఎండ తగ్గింది. మరదలే ఒడ్డునుంచి చేసింది, మాట రాక ఏడుస్తోంది. వెనకాల తమ్ముడి గొంతు వినబడింది, "బాగానే ఉన్నానని సెప్పు, నిద్దరొత్తంది" అంటూ. అప్పుడు మార్చాను. బాత్రూంలోకి పోయి గడియ పెట్టుకుని, కుళాయి తిప్పి, బావురుమని ఏడ్చాను.

జరిగిందేమిటంటే, అలంకారానికి కట్టిన గుడ్డలు గాలికి ఊడి నీళ్ళలో పడి, ఇంజను కింద తిరిగే రెక్కలకి చుట్టుకున్నాయి. ఇంజను ఆగిపోయింది. తెరచాప ఉందిగా అంటారేమో, అది ఫొటోకి పనికొచ్చే తెరచాప. కరిగిన ఐసు నీళ్ళే తాగారట, చేపల కంపుతో సహా. ఇప్పుడు మా పట్టికలో ఇంకో గడి ఉంది, వేటకా వేరే పనికా అని. వేరే పని అయితే ఐసు లెక్క కట్టదు, పొద్దుగూకితే చాలు పసుపవుతుంది. ప్రొడ్యూసరు ఆఫీసునుంచి ఫొటో గురించి గట్టిగానే అడిగారు. బాస్ ఏం చెప్పారో నాకు చెప్పలేదు. నా ఉద్యోగం నాకుంది.

రెండు రోజుల తర్వాత ఆ కార్డులు మా గదికి వచ్చాయి. "తడవలే, నసీబు మంచిగుంది" అని బాస్ నా చేతిలో పెట్టారు. రోజూ చేసినట్టే కాపీ పెట్టి, ఒక్కొక్కటీ తిప్పి చూస్తున్నాను. బోటు, చేపల గుట్ట, తెరచాప మీద ఎండ. బాగా తీశారు, నిజం చెప్పొద్దూ. కెమెరా వాళ్ళు రాసిచ్చిన లెక్క ప్రకారం అక్కడితో అయిపోవాలి. కార్డులో ఇంకా కొన్ని ముక్కలున్నాయి.

వెలుగు తగ్గిపోతున్నప్పుడు తీసినవి. ఫోన్లు లేవు కదా, వాళ్ళ దగ్గర మిగిలింది ఆ కెమెరా ఒక్కటే. ఒక్కొక్కరూ దాని ఎదురుగా కూర్చుని ఇంటివాళ్ళకి చెప్పుకుంటున్నారు. అసిస్టెంటు పిల్లాడు హైదరాబాదువాడే, "అమ్మీ, నేను మంచిగనే ఉన్న, నువ్వు రంది పెట్టుకోకు" అని మొదలుపెట్టి ఇంక మాట్లాడలేకపోయాడు. కెమెరామన్ తన భార్యని పేరు పెట్టి పిలిచి, బీరువా తాళం ఎక్కడుందో చెప్పాడు. ఇవి నేను వినకూడదు అనిపించింది. కానీ మొత్తం చూడాలన్నదే నా పని. చూశాను.

ఆ తర్వాత ఎవరో కెమెరాని మా తమ్ముడి వైపు తిప్పారు. వాడు అంచు మీద కూర్చుని గుడ్డలు కోస్తున్నాడు. "నువ్వూ చెప్పన్నా, మీ ఇంటోళ్ళకు" అన్నాడు అసిస్టెంటు.

"నాకెందుకూ?" అని వాడు నవ్వాడు. "మీరు ఊరికే బెంగెట్టుకోకండి. మా అక్క హైదరాబాదులో కూచుని మా బోట్లన్నీ చూత్తా ఉంటది. అది కంగారు మనిషి, గడియకోసారి చూడకపోతే దానికి అన్నం దిగదు. పొద్దుగూకినా నేను రాలేదని ఈపాటికి చూసేసుంటది. మావయ్యోళ్ళు బయల్దేరిపోయుంటారు."

తర్వాతి ముక్కలో తెల్లవారింది. కెమెరా చెక్క మీద పెట్టి ఉంది, వాడి వీపు మాత్రమే కనబడుతోంది. ఒడ్డు ఉండాల్సిన వైపుకి చూస్తున్నాడు. "మీ అక్క నిజంగ చూస్తదా అన్నా?" అని అసిస్టెంటు గొంతు వినబడింది. వాడు ఇటు తిరగలేదు. "చూత్తది" అన్నాడు.

చూశాను. అక్క చూసేసుంటదని వాడన్న సాయంత్రం, సరిగ్గా ఆ పొద్దుగూకే వేళకే, ఇంటికి పోతూ ఫోన్ తీసి చూశాను. పచ్చగా ఉంది. ఫోన్ సంచిలో వేసుకుని, దారిలో కూరగాయలు కొనుక్కుని, ఇంటికెళ్ళి వండుకుని తిన్నాను.